గెజిటెడ్ సంతకం

నెట్ సెంటరు నుంచి పట్టుకొచ్చిన కంప్యూటర్లో నలభై ఒక్క మంది ఆడపిల్లల పేర్లతో నలభై ఒక్క ఫోల్డర్లు ఉన్నాయి. చివరి దాని మీద ‘గౌతమి, 10-11, 3 గంటలు’ అని ఉంది.

ఆ రోజు 2009 నవంబరు పది, మంగళవారం. నాగలకుంట స్టేషన్ గోడ గడియారంలో టైము పదిన్నర.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రసూన మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. కంప్యూటర్ని అంతకు గంట ముందే ఇద్దరు వీఆర్వోల ఎదుట సీలు తీసి తెరిచింది. మొదటి రెండు ఫోల్డర్లు చూశాక మూడోది తెరవడానికి ఆమెకు మనసు రాలేదు. అయినా తెరిచింది. అన్నిటిలోనూ ఒకటే పని. మొహం ఆ పిల్లది. మెడ కింద నుంచి ఎక్కడిదో తెచ్చి అతికించారు. పక్కనే ఒక చిన్న ఫైలు, అందులో ఇంట్లో వాళ్ల సెల్ నంబరు, ఊరి పేరు, కాలేజీ పేరు.

ప్రసూన హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగింది. “ఎర్రన్నా, మొహాలు మాత్రమే ప్రింటు తీయించు. మెడ కింద ఏదీ కాయితం మీదికి రాకూడదు. ఈ గౌతమి నంబరుకు నేను చేస్తా.”

ఫోన్ ఎత్తింది ఒక మగమనిషి. పేరు యేసన్న. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఎవరిదో చేలో శెనక్కాయ చెట్లు పీకుతున్నాడు.

ఎర్రన్న మోటార్ సైకిల్ మీద పోయి అతన్ని తీసుకొచ్చేసరికి పదకొండుంబావు. చేతులకు మట్టి అట్లానే ఉంది. స్టేషన్లో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా బిడ్డ కాలేజీకి పోయింది మేడం. ఎనిమిది గంటల బస్సుకు. టిఫిన్ బాక్సు గూడా నేనే చేతికిచ్చినా.”

“కాలేజీకి ఫోన్ చేసినా యేసన్నా. రాలేదంట. నిన్న గూడా రాలేదంట.”

“రాలేదా? మరి బాక్సు కడిగి పెట్టింది గదా సాయంత్రం...” అతను ఆగాడు. “ఏం చదివేది మేడం, ఇంటరు మొదటి సంవత్సరం. పదారేండ్లు. యాడికి పోతుంది?”

“నీ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?”

“పగలు నా దగ్గర. రాత్రికి బిడ్డ దగ్గర. నాకు పచ్చబటను నొక్కి మాట్లాడేది తప్ప ఏం తెల్దు.”

“మెసేజులు వస్తే?”

“టింగుమంటాది. కంపెనీవోళ్లు పంపిస్తాండారని ఊరకుంటా.”

ప్రసూన చెయ్యి చాపింది. యేసన్న చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. చదవని మెసేజు ఒకటే ఉంది. ముందువన్నీ ఎవరో తుడిచేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: ‘మూడు గంటలకు. ఆలస్యమైతే సాయంత్రానికి నీ బొమ్మ మీ ఊరి బస్టాపు గోడ మీద ఉంటుంది.’

వచ్చిన టైము ఈ పొద్దు పదీ పన్నెండు. పంపిన నంబరుకు చేస్తే స్విచాఫ్. ఎక్కడికి రమ్మన్నాడో అందులో లేదు.

“ఏముంది మేడం దాంట్లో?”

“నీ బిడ్డను ఎవడో బెదిరిస్తాండాడు. యాడికో రమ్మన్నాడు. యాడికో రాయలేదు.”

యేసన్న ఫోన్ వైపు చూశాడు. దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోలేదు.

“నాలుగు దినాల నుంచి ఇది మోగతానే ఉండాది మేడం. నేను జోబీలో పెట్టుకుని తిరగతాండా. నా బిడ్డను బెదిరించేవాణ్ణి నేనే మోసుకుని తిరిగినానా?”

ప్రసూన గడియారం చూసింది. పదకొండూ ఇరవై రెండు.

*

లాకప్పులో ఉన్న శశికుమార్‌కు ఇరవై ఏడేళ్లు. బస్టాండు పక్కన చౌడేశ్వరి నెట్ సెంటరు అతనిదే. ముందురోజు సాయంత్రం ఆరింటికి డీఎస్పీ శ్రీకాంత్ స్వయంగా వచ్చి షట్టరు దింపించి, నాలుగో నంబరు కంప్యూటర్ని సీలు చేయించి, శశికుమార్ని లోపల వేయించాడు. పేరు లేని పోస్టుకార్డు ముక్క ఒకటి వచ్చిందట, నెట్ సెంటర్లో ఆడపిల్లల బొమ్మలు పాడు చేస్తున్నారని.

“నీ సెల్ ఎక్కడుంది?” ప్రసూన కమ్మీల అవతల నుంచి అడిగింది.

“డీఎస్పీ సారు బీరువాలో పెట్టి తాళమేసినారు మేడం, నిన్న సాయంత్రమే. ఒగ మాట వినండి, నాకు అక్కచెల్లెండ్లు ఉండారు...”

“అది తర్వాత. స్కాలర్‌షిప్పు ఫారాల పని ఎట్లా చేస్తావో మొదటి నుంచి చెప్పు. ఏదీ వదలొద్దు.”

శశికుమార్ కళ్లు తుడుచుకున్నాడు. “పిల్లోళ్లు ఫోటో తెస్తారు. స్కాన్ చేసి ఆన్‌లైన్లో ఎక్కిస్తా. ఫారం ప్రింటు తీసి ఇస్తా. దాని మీద వాళ్లు ఆ ఫోటోనే అంటించి, గెజిటెడ్ సంతకం పెట్టించుకుని, కాలేజీలో ఇస్తారు. అంతే.”

“సంతకం పెట్టిన ఫారం మళ్లీ నీ దగ్గరికి వస్తుందా?”

“ఎందుకొస్తుంది మేడం? నా పని సంతకానికి ముందరే ఐపోతాది.”

ప్రసూన మొహాల ప్రింట్లు కమ్మీల సందులోంచి చూపించింది. గౌతమిది పైన ఉంది. కుడి భుజం అంచున, కత్తిరించిన చోట, వెంట్రుక మందాన ఒక గీత. రెండోదాంట్లోనూ ఉంది, గడ్డం పక్కన చిన్న కొక్కెంలాగా. మూడోదాంట్లో లేదు. నాలుగోదాంట్లో ఉంది. నలభై ఒక్కింటిలో ఇరవై తొమ్మిదింటి మీద ఆ గీత ఉంది. అన్నీ ఆకుపచ్చగా.

గెజిటెడ్ అధికారి ఫోటో మీద సంతకం పెడితే సగం ఫోటో మీద, సగం కాయితం మీద పడాలి. గ్రీన్ ఇంకుతోనే పెట్టాలి. కత్తిరించినవాడు సంతకాన్ని తప్పించాలని చూశాడు, అంచున మిగిలింది కనిపెట్టలేదు.

“ఇవి నువ్వు స్కాన్ చేసిన ఫోటోలు కావు,” అంది ప్రసూన మెల్లగా. “సంతకం పడ్డాక ఎవడో తీసినవి.”

శశికుమార్‌కు సగమే అర్థమైంది. “ఐతే నన్ను వదిలేస్తారా మేడం?”

“నీతో ఇంకా పనుండాది.”

*

ఒంటిగంటన్నర దాకా ఎర్రన్న మనుషులు నాగలకుంట బస్టాండు, మూడు లాడ్జీలు, గుమ్మఘట్ట రోడ్డు, కళ్యాణదుర్గం ఆటోల స్టాండు వెదికారు. తెల్ల చుడీదారు, నీలం ఓణీ, చేతిలో ఫైలు. అట్లాంటి పిల్లలు ప్రతి బస్సులోంచీ నలుగురు దిగుతున్నారు.

రెండు గంటలకు ప్రసూన శశికుమార్ని జీపెక్కించుకుని నెట్ సెంటరుకు వెళ్లింది. యేసన్న కూడా వెనకాల ఎక్కాడు. ఎవరూ దిగమనలేదు.

లోపల ఏడు క్యాబిన్లు. నాలుగోది గోడ వైపు తిరిగి ఉంది. పక్కవాడు చూడటానికి వీల్లేకుండా పూల పరదా. కరెంటు లేదు. టార్చి వేసి చూస్తే బల్ల కింద ఖాళీ పెన్ రీఫిల్, వేరుశెనగ పొట్టు, నలిగిన బస్సు టికెట్లు. ఏవీ ఎవరివనీ చెప్పడానికి లేదు.

ప్రసూన రిజిస్టరు ముందేసుకుంది. రెండో చేతిలో, కంప్యూటర్లోని ఫైళ్లు ఏ రోజు ఏ టైముకు దాచారో రాసుకున్న కాయితం. ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ పోయింది.

“అన్నీ గురువారాలే. పదకొండు నుంచి పన్నెండు లోపల. పన్నెండు దాటినది ఒక్కటీ లేదు.”

“పన్నెండుకు కరెంటు పోతాది మేడం,” అన్నాడు శశికుమార్.

“ఆఖరుది మొన్న గురువారం, ఐదో తేదీ. పదకొండూ యాభై రెండు. గౌతమి ఫోల్డరు.” ఆమె రిజిస్టరు అతని వైపు తిప్పింది. “ప్రతి గురువారం ఆ గంట నాలుగో నంబరుకు ఎదురుగా ఏమీ రాయలేదు. కంప్యూటరేమో నడిచింది. ఎవరు కూర్చున్నారప్పా?”

శశికుమార్ నోరు తెరిచాడు. అంతలోనే గుమ్మంలో బూట్ల చప్పుడు.

డీఎస్పీ శ్రీకాంత్ ఇస్త్రీ మడత చెదరకుండా లోపలికొచ్చాడు. ఆయనది కోస్తా. ఈ సబ్ డివిజన్‌కు వచ్చి ఐదు నెలలు. ఆయన చూపు ముందు శశికుమార్ మీద, తర్వాత ప్రసూన మీద పడింది.

“ముద్దాయిని బయట తిప్పుతున్నారా? నేను వేసిన సీలు తీయించారా? ఎవరిని అడిగారు?”

“ఇద్దరు వీఆర్వోల ఎదుట తీసినాను సార్. కాయితం రాసినాను.”

“కాయితం!” శ్రీకాంత్ నవ్వాడు. “అమ్మా, ఐటీ చట్టం కింద కేసు డీఎస్పీ స్థాయికి తగ్గకుండా దర్యాప్తు చెయ్యాలి. డెబ్బై ఎనిమిదో సెక్షన్. ఇన్‌స్పెక్టరు ఆ కంప్యూటరు మీద దుమ్ము కూడా తుడవకూడదు. ట్రైనింగులో చెప్పలేదా?”

“చెప్పినారు సార్. అది రెండు వారాల కిందటి మాట. అక్టోబరు ఇరవై ఏడు నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు చాలు.” ఆమె ఫైలులోంచి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది. “ఇంకొకటి గూడా కొత్తగా చేర్చినారు. అరవై ఏడు బి. పాత చట్టంలో పిల్లల మాటే లేదు. బూతుబొమ్మ ఎవరిదైనా ఒకటే, అది గూడా బయటికి పంపితేనే నేరం. ఇప్పుడట్లా కాదు. పిల్లల బొమ్మలు అట్లా తయారు చేసినా, పోగేసినా, వాళ్లను నెట్లో వలలోకి లాగినా నేరమే.”

“పిల్లలు, పిల్లలు! ఇంటరు చదివే అమ్మాయి పిల్లేంటి?”

“పద్దెనిమిది నిండకపోతే పిల్లే సార్. అది గూడా రాసినారు. కింద గీత గీసిపెట్టినా, చూడండి.”

శ్రీకాంత్ జిరాక్సు వైపు చూడలేదు. “నాలుగింటికి ప్రెస్ మీట్. టీవీ వాళ్లు అనంతపురం నుంచి బయల్దేరారు. దొంగ దొరికాడు, పెట్టె దొరికింది. మళ్లీ సీలేసి సాయంత్రం బస్సుకు హైదరాబాదు లాబ్‌కు పంపండి. మూడు నెలల్లో రిపోర్టు వస్తుంది.”

“ఆ పాపకు మూడు నెలల్లేవు సార్. నలభై నిమిషాలుండాయి.” ప్రసూన వాచీ చూపించింది. రెండూ ఇరవై. “ఇంకొక మాట. ఈయన నిన్న ఆరు నుంచి లాకప్పులో ఉండాడు. ఈయన సెల్ మీ బీరువాలో ఉండాది. ఈ పొద్దు పదీ పన్నెండుకు ఆ పాప వాళ్ల నాయన ఫోనుకు బెదిరింపు వచ్చింది. ఎవరు పంపినట్టు?”

శ్రీకాంత్ గొంతు పెంచాడు. “వీడి తోడుదొంగ ఎవడో ఉంటాడు! నా జప్తులో తప్పులు వెదక్కండి. చూడండి, పంచనామా. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులను పిలిపించి చేశాను. సంతకాలు చూడండి!”

కాయితాన్ని తెచ్చి ఆమె మొహం ముందు పట్టుకున్నాడు.

ప్రసూన చూసింది. అట్లానే చూస్తూ ఉండిపోయింది.

పంచనామా కింద రెండు సంతకాలు. మొదటిది కిరాణా అంగడి నల్లప్పది, నీలం బాల్‌పెన్ను. రెండోది ఆకుపచ్చ.

‘కె. బయ్యన్న, రిటైర్డు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడు.’ ఆఖరి అక్షరం నుంచి కొక్కెంలాగా వంగిన గీత.

గౌతమి ప్రింటు తీసి ఆ సంతకం పక్కన పెట్టింది. భుజం మీది గీత వచ్చి ఆ కొక్కెంలో కలిసిపోయింది.

“సార్, రిటైరైనాయన గ్రీన్ ఇంకుతో ఎందుకు సంతకం పెట్టినాడు?”

“అలవాటు! ముప్పై ఐదేళ్లు చేసిన మనిషి. ఊళ్లో అందరికీ ఇప్పటికీ ఆయనే అటెస్టేషన్ చేసి పెడతాడు, పైసా తీసుకోడు. ఆఫీసుల చుట్టూ తిరగలేక జనం ఆయన దగ్గరికే పోతారు. మా కానిస్టేబుళ్ల పిల్లల ఫారాలు కూడా అక్కడే. అందులో తప్పేముంది?”

ప్రసూన శశికుమార్ వైపు తిరిగింది. “గురువారం పదకొండుకు నాలుగో నంబర్లో కూర్చునేది బయ్యన్న సారేనా?”

“సారా?” శశికుమార్ నిజంగానే బిత్తరపోయాడు. “సారు వస్తారు మేడం. పెన్షన్ కాయితాలు, మెయిలు చూసుకుంటారు. సారు మాకు లెక్కలు చెప్పినోరు. సారును పట్టుకుని పేరు రాయి, కార్డు చూపీ అని యాడ అడిగేది? మొన్న గురువారం మాత్రం అడిగినా. కొత్త చట్టమొచ్చింది, నెట్ సెంటరోళ్లను గూడా పట్టుకుంటారని అందరూ అంటాండ్రి గదా. ‘ఏమనుకోవద్దు సార్, మీరు గూడా ఒగ సంతకం పెట్టండి’ అన్నా.”

“ఏమన్నాడు?”

“నవ్వినారు. ‘నా సంతకం నీకు కావల్సొచ్చిందా శశీ’ అన్నారు. పెట్టకుండా పోయినారు.”

“సార్, మీ కార్డు ముక్క ఎప్పుడొచ్చింది?”

శ్రీకాంత్ పంచనామా మడిచాడు. “శనివారం.”

“గురువారం సాయంత్రం డబ్బాలో వేస్తే శనివారానికి వస్తుంది. తర్వాత మీరే ఆయనకు కబురు పెట్టి, పంచనామాకు సాక్షిగా కూర్చోబెట్టి, కంప్యూటరు హైదరాబాదు పోతుంది, మూడు నెలలు ఎవరూ తెరవరు అని ఆయన ఎదురుగానే చెప్పినారు. చెప్పినారా లేదా?”

“...చెప్పాను.”

“అందుకే ఈ పొద్దు ధైర్యంగా మెసేజు పెట్టినాడు.”

శ్రీకాంత్ మొహం కందిపోయింది. “ఊరంతా చేతులెత్తి దణ్ణం పెట్టే మనిషి. ఆయనింటికి పోలీసు జీపులో పోయి మీ మాట తప్పయితే, ఆ యూనిఫారం నేనే విప్పిస్తాను.”

“విప్పించండి సార్. మూడు దాటినాక.”

*

బయ్యన్న ఇంటి ముందు జీపు ఆగేసరికి రెండూ ముప్పై ఎనిమిది. డీఎస్పీ జీపు వెనకే వచ్చింది.

గేటు బార్లా తీసి ఉంది. తలుపుకు తాళం లేదు, కిటికీలకు పరదాలు లేవు. వరండాలో బెంచీల మీద ఏడుగురు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకామె ఒళ్లో రేషన్ కార్డు జిరాక్సులు, ఒక కుర్రాడి చేతిలో ఆర్మీ సెలక్షన్ ఫారం. ఆఖరున, గోడకు ఆనుకుని, తెల్ల చుడీదారు.

ప్రసూన చేతిలోని ప్రింటుతో పోల్చి చూడాల్సిన అవసరం లేకపోయింది. యూనిఫారం కంటబడగానే ఆ పిల్ల ఫైలును గుండెలకు హత్తుకుంది.

“జరుగమ్మా,” అని ప్రసూన ఆమె పక్కన కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది. “గౌతమీ, మీ నాయన బయట జీపులో ఉండాడు.”

“నాయనకు చూపించినారా మేడం?”

అదొక్కటే అడిగింది.

“లేదు. చూపించను. ఎవరికీ చూపించను. నువ్వు చేసిన తప్పు ఏమీ లేదు.”

పిల్ల ఊపిరి పీల్చుకోబోయి ఏడ్చేసింది. రేషన్ కార్డు ఆమె తల తిప్పి చూసింది. “ఏమ్మా, ఏమైందీ పిల్లకి? అందరికంటే ముందొచ్చింది, నువ్వు పోమ్మా అంటే పోదు, ఆఖర్నే పోతానంటాది. సారు చదువుకునే పిల్లోళ్ల ఫారాలు, సీలు లోపలుందని, లోపలికి తీసుకుపోయి సంతకం పెడతాడు, ఆలస్యమైతాది.”

“ఆఖర్న రమ్మన్నారా?” ప్రసూన అడిగింది.

గౌతమి తలూపింది. “ఫారం మీద సంతకం పెట్టించుకున్న చోటికే రా, మూడింటికి అందరూ పోయినంక లోపలికి రా, అని శుక్రవారం మెసేజ్ వచ్చింది. ఎవరికన్నా చెప్తే... గోడ మీద...”

“నువ్వు మీ నాయన దగ్గరికి పో. ఎర్రన్న తీసుకుపోతాడు.”

ఆ పిల్ల గేటు దాటే దాకా ప్రసూన లేవలేదు. జీపు వెనక తలుపు తెరుచుకోవడం, యేసన్న మట్టి చేతులు బయటికి రావడం చూశాక లేచింది. టైము రెండూ నలభై ఆరు.

*

ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. బల్ల మీద గుండ్రటి సీలు, ఇంకు ప్యాడు, రెండు పెన్నులు. అవతల అరవై దాటిన సన్నటి మనిషి, కళ్లద్దాలు, ఉతికిన తెల్ల చొక్కా. పోలీసులను చూసి లేవలేదు, కంగారుపడలేదు.

“రండి డీఎస్పీ గారూ. కబురు పెడితే నేనే వస్తాను గదా. కూర్చోమ్మా. మజ్జిగ తాగుతారా?”

శ్రీకాంత్ ఇబ్బందిగా నిలబడ్డాడు. “ఏం లేదు సార్, చిన్న విషయం...”

“నాకొక అటెస్టేషన్ కావాల సార్.” ప్రసూన తన గుర్తింపు కార్డు జిరాక్సు బల్ల మీద పెట్టింది.

బయ్యన్న కళ్లద్దాల మీదుగా ఆమెను చూసి నవ్వాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. కుడి పక్క పెన్ను తీశాడు. సగం ఫోటో మీద, సగం కాయితం మీద ఆకుపచ్చగా సంతకం చేశాడు. ఆఖరున కొక్కెం. దాని మీద సీలు దబ్బున పడింది.

“అసలు కార్డు అడగలేదు సార్ మీరు.”

“నిన్ను చూస్తే తెలీదా?”

“మీరు రిటైరైంది ఎప్పుడు?”

“రెండువేల ఆరు, జూన్ ముప్పై.”

“ఐతే ఈ సంతకం చెల్లకుండా పోయి మూడేళ్లు దాటింది. సీలు గూడా మీ దగ్గర ఉండకూడదు. ఫారాలను లోపలికి తీసుకుపోయి సంతకం పెడతారంట గదా, సీలు లోపల ఉందని? సీలు ఈడే ఉండాదే.”

బల్ల సొరుగు మీద బయ్యన్న ఎడమ చెయ్యి ఆనించి ఉంది. ప్రసూన ఆ చేతినే చూస్తోంది.

“చెయ్యి తీయండి సార్.”

“డీఎస్పీ గారూ, ఏమిదంతా?”

శ్రీకాంత్ వాళ్లిద్దరినీ చూశాడు. అప్పుడు ఆయన చేసిన పని ప్రసూన ఊహించలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ముసలాయన చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టి, సొరుగు తానే లాగాడు.

అందులో అరచేతిలో పట్టే డిజిటల్ కెమెరా, ఒక పెన్ డ్రైవ్, కొత్తగా కొన్న సిమ్ కార్డు కవరు. శ్రీకాంత్ కెమెరా ఆన్ చేశాడు. చిన్న తెర మీద స్కాలర్‌షిప్పు ఫారం, అంటించిన ఫోటో, ఆకుపచ్చ సంతకం. మీట నొక్కాడు. ఇంకొక ఫారం. ఇంకొకటి. ఏడో ఫోటో దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. అది ఆయన డ్రైవరు కూతురిది.

“ఎర్రన్నా!” గొంతు పగిలినట్టు అరిచాడు. “గేటు వెయ్యి. ప్రెస్ వాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పు.”

బయ్యన్న పెన్నుకు మూత పెట్టాడు.

“శశికుమార్ రిజిస్టర్లో సంతకం అడిగినాడు,” అంది ప్రసూన. “నాలుగు దినాలకు లాకప్పులో ఉండాడు. కార్డు ముక్క మీరే రాసినారు. ఆ బొమ్మలు ఎవరికి పోయినాయి సార్?”

“పోలీసుల ముందర చెప్పింది కోర్టులో చెల్లదు. ఆ సంగతి నాకు తెల్సు. కాబట్టి చెప్తా, కూర్చో.” ఆయన గొంతు తరగతి గదిలో పాఠం మొదలుపెట్టినట్టే ఉంది. “చట్టం చదివే ఈ పని మొదలుపెట్టినా. దాచుకుంటే నేరం కాదని ఉండాది. పంపిస్తేనే నేరం.”

“మీరు చదివింది పాతది. మీరు గౌతమి ఫోల్డరు తయారు చేసింది ఐదో తేదీన. కొత్తది అప్పటికే వచ్చి తొమ్మిది దినాలు. మీ మాట నాకు అక్కర్లేదు. ఈ సొరుగు చాలు.”

మొదటిసారి ఆయన కనురెప్పలు కొట్టుకున్నాయి. సీలును తీసి ఇంకు ప్యాడు మీద పెట్టాడు. బయట వరండాలో జనం గుసగుసలాడుతున్నారు. వాళ్లింకా తమ వంతు కోసమే ఎదురుచూస్తున్నారు.

“ఐతే రాసుకో,” అన్నాడు బయ్యన్న. “నేనే చేసినా. నలభై ఒక్కటీ నేనే చేసినా. ఎవరికి పోయినాయంటే నాకూ తెల్దు. పేర్లు లేని మెయిళ్లు. వాళ్లు ఇంకా కావాలంటారు, నేను పంపతా. వాళ్లు యాడుండారో, మళ్లీ ఎవరికి పంపినారో దేవుడికి గూడా తెల్దు. నువ్వు ఈ పెట్టెను పట్టుకున్నావు, ఆ బొమ్మలను పట్టుకోలేవు. రిటైరైన మర్నాడు ఎవరూ నమస్కారం పెట్టరని భయపడినా. పెట్టినారు. ఫారాలు పట్టుకుని ఇంటికే వచ్చినారు. బిడ్డల ఫోటోలు వాళ్లే తెచ్చినారు, ఫోన్ నంబర్లు వాళ్లే రాసిచ్చినారు, వాళ్లే చేతులు కట్టుకుని నిలబడినారు. లోపలికి తీసుకుపోతే ఎందుకని ఒక్కరు అడగలేదు. ఏం చేసినా అడిగేవాడు లేడని అప్పుడు తెలిసింది. నలభై మంది పిల్లలకు బెదిరించేది ఎవరో ఈ పొద్దుకీ తెల్దు. తెలియాల్సిన పని లేదు, భయపడితే చాలు. ఇంటికి పిలిచింది మాత్రం ఈ యేసన్న కూతురునొక్కదాన్నే. ఎందుకో అడగవా? పోయిన నెల ఆ బెంచీ మీద కూర్చుని, పదిమంది వింటాండగా, నా మొహం చూసి అడిగింది: ‘సార్, మీరు రిటైరైపోయినారు గదా, మీ సంతకం చెల్లుతాదా?’”